నష్టపరిహారము – దోషపరిహారము

మోటారుబండి ప్రమాదమునకు లోనైనప్పుడు బీమా కంపెనీకి పంపవలసిన క్లెయిము పత్రమున ఒక గడి యున్నది. ప్రమాద సమయమున బండిని నడుపుచుండినవారి పేరు, వయస్సు, లైసెన్సు సంఖ్య అందు వ్రాయవలెను. ఆ గడి వ్రేలెడు పొడవైన నుండదు. అయినను ఒక కుటుంబము యొక్క నీతి యంతయు అందులో నిమిడియుండు సమయము రాగలదని మేము మా బంధువుల యింటనే తెలిసికొంటిమి.

ఆ సంగతి నిచ్చట చెప్పుట మావారిని నలుగురిలో నిలబెట్టుటకు గాదు. చదువుకొన్న గృహస్థుల యిండ్ల ముందు కారు నిలుచుట సామాన్యమైన యీ కాలమున, పాఠకులలో నెవరికైనను రేపు ఇదే ప్రశ్న యెదురు కావచ్చును. నష్టమును బీమా కంపెనీ భరించుచున్నప్పుడు దోషమును భరింపవలసినవా డెవడు? ఇదియే మా విచారణ.

2022వ సంవత్సరమున దసరా సెలవులకు మేము తెనాలి ప్రాంతమున నున్న మా అక్కగారి యింటికి పోయితిమి. ఆమె కుమారునికి అప్పటికి 17 ఏండ్లు. ఒకనాటి సాయంకాలము వాడు తండ్రి కారు తాళపుచెవి తీసికొని, స్నేహితుని దిగబెట్టి వచ్చెదనని బయలుదేరెను. తండ్రి యెరుగకపోలేదు, ఎరిగియు నూరకుండెను. ఊరి పొలిమేర దాటిన మలుపులో, పని ముగించుకొని సైకిలుపై ఇల్లు చేరుచున్న తాపీపనివా డొకనిని ఆ కారు గుద్దెను. అతని కుడికాలు రెండుచోట్ల విరిగెను. మావాడు బెదరినను పారిపోలేదు. ఆటో నొకదానిని ఆపి, అతనిని గుంటూరులోని ఆసుపత్రికి జేర్చి, తండ్రికి ఫోను చేసెను. ఇంతవరకు వాని నడత మెచ్చదగినదే. తరువాత జరిగినది పెద్దల పని.

ఆ రాత్రి మా బావగారి వసారాలో అయిదారుగురు చేరిరి. బాలునికి లైసెన్సు లేదు గనుక కంపెనీ ఒప్పుకొనదు. పైగా కేసు వచ్చును. ఆ యింట 12 ఏండ్లుగా కారు నడుపుచున్న డ్రైవరు ఒకడు కలడు. అతడే నడిపినట్లు చెప్పినచో కంపెనీ చెల్లించును, దెబ్బతిన్నవానికి సొమ్ము ముట్టును, బాలుని చదువు చెడదు. “ఇందులో నష్టపోయేదెవరు?” అని ఒక పెద్దమనిషి అడిగెను. ఎవరును బదులు పలుకలేదు. ఇంగ్లీషు వచ్చినవారము గనుక పత్రము నింపు పని మా మీద పడెను. “బావా, నీ చేత్తో రాస్తే తప్పులుండవు” అని బావగారు కాగితము మా ముందు పెట్టిరి. డ్రైవరు గుమ్మము నానుకొని నిలుచుండి, “రాయండి మాస్టారూ. ఈ ఇంటి ఉప్పు తిన్నవాణ్ణి” అనెను.

మేము వ్రాసితిమి. ఈ మాట దాచుట తగదు. ఇరువదేండ్లుగా బాలురకు సత్యమును గూర్చి పాఠములు చెప్పుచున్న యీ చేతితోనే అతని పేరు, లైసెన్సు సంఖ్య ఆ గడిలో వ్రాసితిమి. పత్రమును మరునాడు పంపుటకై బల్లమీద నుంచిరి.

తెల్లవారగనే బావగారితో గూడ ఆసుపత్రికి పోయితిమి. ఆ తాపీపనివాడు కాలికి కట్టుతో పడుకొనియుండెను. అతని భార్య ప్రక్కన నేలమీద కూర్చుండియుండెను. అతడు మమ్ము చూచి మొదట అడిగిన మాట యిది: “ఆ బాబుకేం కాలేదు కదండీ? పసివాడు, బాగా బెదిరిపోయాడు.”

రాత్రి వసారాలో అడిగిన ప్రశ్నకు మాకు జవాబు దొరికెను. నష్టపోవువాడు ఈ మంచముమీద నున్నాడు. మా అబద్ధము నిలువవలెనన్న ఇతని నిజము పడిపోవలెను. ఇతడు పోలీసులకు తాను చూచినది చెప్పును. మేము దానిని కాదందుము. అంతట ఇతడు అబద్ధీకుడగును, లేక మేమిచ్చు సొమ్మునకై తన కన్నులు చూచిన దానిని తానే కాదనుకొనవలెను. కాలు విరిచినది చాలక, మాటను గూడ విరువ బూనితిమి.

ఇల్లు చేరి ఆ పత్రమును చించివేసితిమి. కాగితము చించుట గొప్ప పని కాదు. ఇంకొక కాగితము దొరకును, వ్రాయుటకు ఇంకొకడు దొరకును. కాని ఎవడైన అడిగినచో మేము చూచినది చూచినట్లు చెప్పుదుమని బావగారితో అంటిమి. అక్కగారు కంట నీరు పెట్టుకొని, “తమ్ముడూ, నీ కొడుకైతే ఇలాగే చేసేవాడివా?” అని అడిగిరి. ఆ ప్రశ్నకు తగిన జవాబు మా యొద్ద నేటికిని లేదు. మా కొడుకే యైనచో మేమెట్లు ప్రవర్తించియుందుమో మేమెరుగము; ఎట్లు ప్రవర్తింపవలెనో మాత్ర మెరుగుదుము. చివరకు బావగారు జరిగినదే వ్రాసి పంపిరి. ఒక సంవత్సరము పాటు మా రెండు కుటుంబములకు రాకపోకలు లేవు.

ఇక విచారణకు వత్తము. మేము బీమాను నిందించువారము కాము. పూర్వము పల్లెలో ఒకని యిల్లు కాలినచో నొకడు తాటాకులు, నొకడు వెదుళ్లు, నొకడు రెండు రోజుల పని యిచ్చి, మరల ఇల్లు నిలబెట్టెడివారు. ఒకడు మోయలేని బరువును నూరుగురు తలకొంచెము మోయుట నాగరకతకు లక్షణము. నేడు పల్లె చెదరినది, రాకపోకలు పెరిగినవి, గుద్దినవాడును దెబ్బతిన్నవాడును ఒకరి నొకరెరుగరు. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది ప్రాణములు గోల్పోయిరి. ఆ కుటుంబము లన్నియు గుద్దినవాని సంపదమీదను దయమీదను ఆధారపడవలసి వచ్చినచో నెందరికి న్యాయము జరుగును? అందుచేతనే దారిన పోవువారికి కలుగు హానికై ప్రతి బండికిని బీమా ఉండవలెనని 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమే నియమించెను. 1988వ సంవత్సరపు చట్టమును అదే నిలిపెను.

“తిలాపాపం తలా పిడికెడు” అని మనవారందురు. బీమా యందు పంచుకొనబడునది పిడికెడు నష్టమే గాని పిడికెడు పాపము కాదు. ఈ భేదమును మన పిల్లలు గూడ నెరుగుదురు. వాల్మీకి పూర్వజీవితమును గూర్చి అమ్మమ్మలు చెప్పు కథలో, దారిదోపిడికాడు తన భార్యాబిడ్డలను పాపమున పాలు పంచుకొందురా యని యడుగును. అన్నము పంచుకొందుము గాని పాపము పంచుకొనమని వారందురు. కంపెనీ చెప్పునదియు నదియే. అది మన రూపాయలను మోయుదు నన్నది. మన నడతను మోయుదు నని యే పాలసీలోను వ్రాయలేదు.

“కంపెనీకి కోట్లున్నవి, దానికి నాలుగు డబ్బులు పోయిన నేమి?” అని కొందరు గౌరవనీయులే అనుచుందురు. ఈ మాట కారు షెడ్డులలో నిత్యము వినబడును. ముందు భాగమునకు దెబ్బ తగిలినచో, ఎన్నడో వెనుక పడిన సొట్టను గూడ అందులో కలుపుమందురు. సర్వేయరు వచ్చి చూచుటకు ముందే ఇంకొక దెబ్బ తగిలించువారును కలరు. దేవాలయపు హుండీలో చేయి పెట్టుటకు జంకు మనుష్యుడు ఇచ్చట జంకడు. ఏలయనగా ఆ సొమ్మునకు యజమాని కంటికి కనబడడు. కాని ఆ పెట్టె ఎవరిది? నెలజీతము నుండి ప్రీమియము చెల్లించు గుమాస్తాది, అద్దెకారు నడుపుకొను బీదవానిది. మన సొట్టకు వేసిన రంగులో వారి చెమట కలిసియున్నది.

ఇతర వ్యాపారములలో కొనువాడు సరకును తానే పరీక్షించుకొనవలెను. బీమాలో నట్లు గాదు. సంగతు లన్నియు బీమా చేయించుకొనువానికే తెలియును; కంపెనీ అతని మాటను నమ్మి యొప్పుకొనును. కావున ఈ ఒడంబడికకు పరమ విశ్వాసమే పునాదియని న్యాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కంపెనీ తానిచ్చిన మాటను తప్పినచో మనము ఫిర్యాదు చేయుదుము, చేయవలసినదే. న్యాయముగా రావలసిన దానిని విడువక అడుగుట సత్యమునకు విరోధము కాదు. చిన్న నష్టమైనచో అడుగకుండుటయు లాభమే: క్లెయిము లేని ఏడాది తరువాత మన కారు నష్టమునకై కట్టు ప్రీమియములో నూటికి 20 వంతులు తగ్గును, వరుసగా అయిదేండ్లు అట్లు గడచినచో 50 వంతుల వరకును తగ్గును. ఇంత సూటియైన మార్గ ముండగా వంకర త్రోవ యేల?

కాని మా బావగారి యింట జరుగబోయినది సొట్టను పెంచి చెప్పుటవంటిది కాదు. అచ్చట ఒక మనుష్యుని పేరును ఇంకొకని పేరునకు మారుగా నమ్మజూచితిమి. డ్రైవరు తానే యొప్పుకొనెను గదా యందురా? ఉప్పు తిన్న విశ్వాసము గొప్పదే. కాని యజమాని ముందు నిలిచి నెలజీతము పుచ్చుకొనువాడు “సరే” యనుటకును, స్వతంత్రుడు “సరే” యనుటకును భేద మున్నది. కేసు అతనిమీద పడును. లైసెన్సు పోయినచో అతని కూడు పోవును. మన బిడ్డ చదువు చెడరాదని వాని బిడ్డ చదువును పణముగా పెట్టుట విశ్వాసమును గౌరవించుటగునా? పూర్వము దొర చేసిన తప్పునకు సేవకుడు దెబ్బలు తినెడివాడని చదివి మనము రోసెదము. మన వసారాలో నదియే జరిగినప్పుడు దానిని విశ్వాసమందుము.

ఈ విషయమున మన ప్రాచీనులు మనకంటె నిర్మొగమాటముగా నుండిరి. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున బండి ప్రమాదములను గూర్చి కొన్ని శ్లోకము లున్నవి. ముకుత్రాడు తెగినప్పుడు, కాడి విరిగినప్పుడు, “తప్పుకొనుడు” అని తోలువాడు కేక వేసినప్పుడు దండనము లేదు. తోలువాడు నేర్పరియై యుండియు హాని చేసినచో వాడే దండ్యుడు. నేర్పులేనివాని చేతికి పగ్గము లిచ్చినచో యజమాని దండ్యుడు; అట్టి బండి నెక్కి కూర్చున్నవారును దండ్యులే. వర్ణమును బట్టి మనుష్యుని వెల కట్టిన ఆ గ్రంథమును మేము సర్వత్ర ప్రమాణముగా గ్రహింపము. కాని పగ్గములు ఇచ్చిన చేతిని గూడ చూడవలె నన్న ఈ మాట నేటికిని నిలుచును. 2019వ సంవత్సరమున మన మోటారు చట్టమునకు జరిగిన సవరణ ఇదే చెప్పినది: మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రిని, లేక సంరక్షకుని, బండి యజమానిని దోషిగా నెంచి మూడేండ్ల వరకు ఖైదును 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. మా మేనల్లుని దోషము వాని చేతిలో మొదలు కాలేదు. తాళపుచెవి వ్రేలాడిన మేకు వద్ద మొదలైనది.

“అబద్ధమాడకున్న దెబ్బతిన్నవానికి సొమ్ము రాదు, కావున వాని మేలుకొరకే అబద్ధము” అను వాదము ఇంకను మిగిలియున్నది. ఇది దయవలె కనబడును గాని అజ్ఞానము. బండి నడిపినవానికి లైసెన్సు లేనప్పుడు, ముందు కంపెనీచేతనే బాధితునికి చెల్లింపించి, పిమ్మట ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొను హక్కును కంపెనీకి ఇచ్చు పద్ధతిని సుప్రీంకోర్టు 2004లో స్థిరపరచినది. కావున ఆ రాత్రి మేము కాపాడబోయినది తాపీపనివాని కాలును గాదు, మా బావగారి సొమ్మును. దయ యను పేరు పెట్టి స్వార్థమును ఇంటిలోనికి పిలుచుట చదువుకొన్నవారికి సులభము. పేర్లు పెట్టుట మనకు బాగుగా తెలియును గదా.

దెబ్బతిన్నవారును అసత్య మాడరా? ఆడుదురు. ట్రిబ్యునలులో పరిహారము లెక్క కట్టు విధమును చూచినచో దానికి కారణము తెలియును. 2009లో సరళా వర్మ కేసునను, 2017లో ప్రణయ్ సేఠీ కేసునను సుప్రీంకోర్టు చెప్పిన లెక్క యిది. 30 ఏండ్ల తాపీపనివాడు మరణించినాడనుకొందము. అతని సంపాదన నెలకు 15,000 రూపాయలైనచో, ముందు ముందు పెరుగుదలకై నూటికి 40 వంతులు కలుపుదురు, 21,000 అగును. ఆధారపడినవారు నలుగురైనచో అతని సొంత ఖర్చునకు నాల్గవ వంతు తీసివేయుదురు, 15,750 మిగులును. ఏడాదికి 1,89,000, ఆ వయస్సునకు చెప్పిన 17తో హెచ్చవేసినచో 32,13,000 రూపాయలు. అదే కోర్టువారు సంపాదన 10,000 మాత్రమే యని నమ్మినచో 21,42,000కు దిగును. కాలో చేయియో పోయినప్పుడును, పనిచేయు శక్తి నూటికి ఎన్ని వంతులు తగ్గినదో చూచి, సొంత ఖర్చు మాత్రము తీసివేయక, ఇదే లెక్కను అనుసరింతురు.

జీతగానికి జీతపు చీటి కలదు. తాపీపనివానికి మేస్త్రీ ఏ కాగిత మిచ్చును? నిజముగా 15,000 తెచ్చువానిని 10,000 అని నమ్ముదురేమో యని వాడు 25,000 అని చెప్పును. అదియు అసత్యమే, మేము దానిని సత్యమనము. కాని కారు గలవాని అసత్యమును, కూలివాని అసత్యమును ఒకే తక్కెడలో తూచలేము. మొదటివాడు తన తప్పును దాచుకొనుటకు చెప్పును. రెండవవాడు తన నిజమును ఎవరును నమ్మరను భయమున చెప్పును. ఈ రెండవ అసత్యమును మాన్పవలెనన్న వానికి నీతులు బోధించుట కాదు, వాని దినకూలికి చీటి వ్రాసి యిచ్చుట నేర్వవలెను. ఇల్లు కట్టించుకొను మనమే ఆ పని చేయవచ్చును.

గృహిణుల విషయమున ఇంకొక అసత్యము మనచేతనే జరుగుచున్నది. ప్రమాదమున ఇల్లాలు మరణించినప్పుడు “ఆదాయము” అను గడిలో భర్తయే “లేదు” అని వ్రాయును. పాత చట్టపు అనుబంధము సంపాదన లేని భార్య వెలను భర్త ఆదాయములో మూడవ వంతుగా కట్టెను. 2001లో సుప్రీంకోర్టు ఇల్లాలి సేవలకు నెలకు 3,000 రూపాయల చొప్పున లెక్క వేసినది. 2021లో మరల, ఆమెకు ఆదాయమును లెక్కగట్టుట ఆమె శ్రమను గుర్తించుటయే యని చెప్పినది. తెల్లవారుజాము మొదలు రాత్రి గిన్నెలు కడుగువరకు చేసిన పనిని “లేదు” అని వ్రాయుటకంటె పచ్చి అబద్ధ మేమున్నది? న్యాయాధిపతులు గుర్తించిన దానిని భర్తలు గుర్తింపకుండుట సిగ్గుచేటు.

చివర ఒక చిక్కు మిగిలియున్నది. కంపెనీ యొప్పుకొనక తప్పును ఒప్పుకొనరాదు, సొమ్ము ఇత్తునని మాట యియ్యరాదు అని మోటారు పాలసీలలో సామాన్యముగా నొక నిబంధన యుండును. దానిని చూపి మా బావగారి వకీలు, “ఆసుపత్రికి పోకండి, క్షమాపణ అడిగితే ఒప్పుకొన్నట్లే” అనెను. నిబంధన యున్నమాట నిజమే. దానికి కారణమును కలదు: ఇతరుల సొమ్ముతో మనము వాగ్దానములు చేయరాదు. కాని అది మనుష్యుని పరామర్శించుటను నిషేధింపదు. గాయపడినవానికి వైద్యసహాయము అందజేయుట, 24 గంటలలోగా పోలీసులకు తెలుపుట, కంపెనీకి సంగతులు నిజముగా చెప్పుట నడిపినవాని విధులని చట్టమే చెప్పుచున్నది. “ఇంత యిత్తుము” అనక “నీకు కలిగిన బాధకు మేము చాల దుఃఖించుచున్నాము” అనుట ఏ ఒడంబడికకు విరోధము? చట్టము నోరు కట్టినను కాళ్లు కట్టలేదు. వారమున కొకసారి పోయి ఆ మంచము ప్రక్కన కూర్చుండవచ్చును.

మా మేనల్లుడు అట్లు పోయెను. మొదట తండ్రి పంపలేదు, తల్లి పంపినది. ఆ తాపీపనివాడు ఎనిమిది నెలలు పనికి పోలేదు. నేటికిని పరంజా ఎక్కలేడు, క్రింద నిలిచి గోడ కట్టును. ట్రిబ్యునలు తీర్పు ప్రకారము కంపెనీ అతనికి చెల్లించి, మా బావగారి నుండి రాబట్టుకొనెను. ఆయన ఊరి చివరి స్థలము అమ్మి ఆ ఋణము తీర్చిరి. డబ్బు ఋణము అంతటితో తీరినది. రెండవ ఋణము తీరెనో లేదో చెప్పుటకు మేమెవరము? డ్రైవరు మాత్రము ఇప్పటికిని ఆ యింటనే పనిచేయుచున్నాడు.

బాలునికి ఇప్పుడు లైసెన్సు వచ్చినది. మొన్నటి సంక్రాంతికి కారును వెనుకకు తీయుచు ఇంటి గేటు స్తంభమునకు తగిలించెను. షెడ్డులో మేస్త్రీ, “పాత గీతలు కూడా ఇందులో కలిపేద్దాం బాబూ” అనెనట. సాయంకాలము వాడు పత్రము నింపుకొని మా యొద్దకు వచ్చి, “మామయ్యా, ఇంగ్లీషు ఒకసారి చూడండి” అనెను. నడిపినవారి గడిలో వాని పేరే యున్నది. నష్టమను చోట వెనుక ఎడమవైపు సొట్ట ఒకటి. కారణమను చోట వెనుకకు సరిగా చూడకుండుట. దిద్దవలసినది ఒక్క అక్షరదోషము మాత్రమే. దానిని దిద్ది యిచ్చితిమి.